‘అధిక రక్తస్రావంతో బాలింత మృతి’: ఆ వార్తలో రాని లెక్కలు

సంపాదకులకు నమస్కారం.

జిల్లా పేజీల్లో అప్పుడప్పుడూ వచ్చే ఒక వార్త గురించి ఈ ఉత్తరం. ‘కాన్పు తర్వాత అధిక రక్తస్రావంతో బాలింత మృతి, ఆసుపత్రి ఎదుట బంధువుల ఆందోళన’ అని శీర్షిక ఉంటుంది. కింద ఆరేడు వాక్యాలు: ఊరు, వయసు, ఎన్నో కాన్పు, నిర్లక్ష్యమే కారణమని ఒక పక్షం, పరిస్థితి విషమించిందని మరో పక్షం. విచారణకు ఆదేశించారన్న మాటతో వార్త ముగుస్తుంది. ఆ విచారణలో ఏం తేలిందో మాత్రం పాఠకుడికి ఎప్పటికీ తెలియదు.

రక్తస్రావం అన్నది ఆ మరణానికి పెట్టిన పేరు. కారణం తెలియాలంటే నాలుగు అంకెలు కావాలి. నొప్పులు మొదలైన రోజున ఆమె హిమోగ్లోబిన్ ఎంత? ఎన్ని మిల్లీలీటర్ల రక్తం పోయింది, దాన్ని కొలిచారా, కంటితో అంచనా వేశారా? రక్తం ఎక్కువగా పోతోందని కాన్పైన ఎన్ని నిమిషాలకు గుర్తించారు? గుర్తించాక మొదటి మందు ఎప్పుడు పడింది? ఈ నాలుగూ లేని వార్తను బట్టి ఆసుపత్రిని తప్పుపట్టలేం, సమర్థించనూ లేం.

ముందుగా మనమెక్కడున్నామో చూద్దాం. గర్భంతో ఉండగా గానీ, కాన్పు లేదా గర్భస్రావం జరిగిన 42 రోజుల్లోపు గానీ, గర్భం వల్లో, గర్భంతో ముదిరిన జబ్బు వల్లో తల్లి చనిపోతే దాన్ని మాతృమరణంగా లెక్కిస్తారు. ప్రమాదాలు ఇందులోకి రావు. జనన మరణాలపై కేంద్రం చేసే 2018-20 నమూనా నమోదు (ఎస్‌ఆర్‌ఎస్) లెక్కల్లో లక్ష సజీవ జననాలకు దేశం మొత్తం మీద 97 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 45 మంది, తెలంగాణలో 43 మంది తల్లులు చనిపోయారు. అదే లెక్కలో కేరళ 19, అస్సాం 195. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004-06 నాటికి ఈ సంఖ్య 154. అంటే చాలా దూరం వచ్చాం, కాదనలేం. అయితే 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం, తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. కాబట్టి ఇప్పుడు మిగిలిన మరణాలకు ‘ఇంట్లో మంత్రసాని చేతిలో పోయింది’ అన్న పాత జవాబు చెల్లదు. వీళ్లలో ఎక్కువమంది ఆసుపత్రి గడప దాటి లోపలికి వచ్చినవాళ్లే, లేదా ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి వెళ్లే దారిలో ఉన్నవాళ్లే.

ప్రసూతి వైద్యంలో ఎప్పటినుంచో చెప్పుకునే ఒక కాలపట్టిక ఉంది. వైద్యం అందకపోతే ఉపద్రవం మొదలైనప్పటి నుంచి ప్రాణం పోయేదాకా సగటున ఎంత వ్యవధి ఉంటుందో అది చెబుతుంది. కాన్పు తర్వాతి రక్తస్రావానికి 2 గంటలు. కాన్పుకు ముందు రక్తస్రావానికి 12 గంటలు. గర్భసంచి చిట్లితే ఒక రోజు. గుర్రపువాతానికి, అంటే బీపీ పెరిగి ఫిట్స్ రావడానికి, రెండు రోజులు. బిడ్డ అడ్డం తిరిగో, దారి చాలకో కాన్పు ఆగిపోతే మూడు రోజులు. కాన్పు తర్వాత ఇన్‌ఫెక్షన్‌తో వచ్చే సూతికా జ్వరానికి ఆరు రోజులు. మొదటి అంకెకు, మిగతావాటికి మధ్య ఉన్న తేడా చూడండి. గుర్రపువాతం వచ్చిన మనిషిని మొదటి మోతాదు మందు ఇచ్చి జిల్లా కేంద్రానికి పంపవచ్చు. రక్తం పోతున్న బాలింతకు ఆ వ్యవధి ఉండదు. ఆమెకు వైద్యం ఆమె ఉన్న గదిలోనే, ఆ గదిలో ఉన్న నర్సు చేతుల్లోనే మొదలవ్వాలి.

ఎందుకంత వేగం అంటే, నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి 500 నుంచి 700 మిల్లీలీటర్ల రక్తం వెళుతుంది. బిడ్డ బయటికొచ్చి మాయ ఊడగానే, అది అతుక్కుని ఉన్న చోట రక్తనాళాలు నోళ్లు తెరుచుకుని ఉంటాయి. వాటిని మూసేది గర్భసంచి కండరమే. అల్లిక బుట్ట పోగుల్లా అడ్డదిడ్డంగా ఉన్న ఆ కండరపు పోగులు బిగుసుకుని, తమ మధ్య నుంచి వెళ్లే నాళాలను నొక్కేస్తాయి. కండరం బిగుసుకోకపోతే నోళ్లు మూతపడవు. కాన్పు తర్వాతి రక్తస్రావాల్లో పదింట ఏడు ఇలా కండరం వదులైపోవడం వల్లనే. కవలలు, పెద్ద బిడ్డ, ఎక్కువ ఉమ్మనీరు వల్ల సంచి బాగా సాగిపోవడం, గంటల తరబడి నొప్పులు, నొప్పుల డ్రిప్ ఎక్కువసేపు నడవడం, మూడు నాలుగు కాన్పులు అయి ఉండడం, ఇవన్నీ ప్రమాదాన్ని పెంచుతాయి. మూత్రాశయం నిండి ఉండడం కూడా ఇందులోకే వస్తుంది. అది సంచిని పైకి నెట్టి బిగుసుకోనివ్వదు. ఒక గొట్టం వేసి మూత్రం తీసేస్తే తీరిపోయేదానికి ఒక్కోసారి మందుల మీద మందులు పడుతుంటాయి. ఇంకో సంగతి కూడా ఉంది. రక్తం బాగా పోయిన తల్లుల్లో చాలామందికి పై లక్షణాల్లో ఒక్కటీ ఉండదు. ‘ఈమెకు ప్రమాదమేమీ లేదు’ అని ముందే రాసిపెట్టుకున్న కాన్పు అంటూ ఏదీ లేదని లేబర్ రూమ్‌లో పనిచేసినవాళ్లందరికీ తెలుసు.

అందుకే బిడ్డ పుట్టిన నిమిషంలోపు ప్రతి తల్లికీ తొడ కండరంలో గర్భసంచిని బిగించే మందు ఆక్సిటోసిన్ 10 యూనిట్లు పడాలి. ఇది అందరూ చేస్తున్నదే. తప్పు జరిగేది మందు దగ్గర. ఆక్సిటోసిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. మే నెలలో కరెంటు పోయిన పీహెచ్‌సీలో, రాత్రి కాన్పుకని పొద్దున్నే బయటకు తీసి ట్రేలో పెట్టిన ఆంపూల్‌లో మందు బలం ఎంత మిగిలిందో ఎవరూ చెప్పలేరు. ఇంజెక్షన్ ఇచ్చినట్టు కేస్ షీట్‌లో ఉంటుంది, సంచి మాత్రం మెత్తగానే ఉంటుంది. విచారణకు వచ్చే అధికారి ఫ్రిజ్ ఉష్ణోగ్రత రాసే రిజిస్టరు కూడా అడిగి చూడాలి.

తర్వాతది కొలత. సాధారణ కాన్పులో 500 మిల్లీలీటర్లు, సిజేరియన్‌లో లీటరు దాటితే రక్తస్రావం అని పాత హద్దు. 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని ఇంకాస్త ముందుకు జరిపింది. సాధారణ కాన్పులో 300 మిల్లీలీటర్లు పోయి, నాడిలోనో బీపీలోనో తేడా కనిపిస్తే చాలు, 500 దాకా ఆగకుండా వైద్యం మొదలుపెట్టమంది. ఈ 300, 500 ఎలా తెలియాలి? గుడ్డలకు పట్టింది, బకెట్లో పడింది, బల్ల కింద కారింది కలిపి కంటితో చెబితే అసలు పోయినదాంట్లో సగమే లెక్కకు వచ్చిన సందర్భాలు కొల్లలు. దీనికి విరుగుడు ఒక ప్లాస్టిక్ సంచి. బిడ్డ పుట్టగానే పిరుదుల కిందికి జరిపితే రక్తం దాని మొనలోకి దిగుతుంది, పక్కనే మిల్లీలీటర్ల గీతలుంటాయి. ఖరీదైన యంత్రమేమీ కాదు. 2023లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లోని 80 ఆసుపత్రుల్లో, రెండు లక్షలకు పైగా కాన్పుల్లో దీన్ని పరీక్షించారు. సంచితో కొలిచి, హద్దు దాటగానే పొట్ట మీద నుంచి గర్భసంచిని మర్దన చేయడం, బిగింపు మందు, గడ్డకట్టిన రక్తం కరిగిపోకుండా ఆపే ట్రానెక్సామిక్ ఆమ్లం, సెలైన్, చిరుగుల కోసం పరీక్ష, ఈ ఐదింటినీ ఒకదాని తర్వాత ఒకటి చూసుకుంటూ కూర్చోకుండా ఒక్కసారిగా మొదలుపెట్టారు. తీవ్ర రక్తస్రావం, దాని కోసం పొట్ట కోయాల్సి రావడం, దానివల్ల మరణం, ఈ మూడూ కలిపి 60 శాతం తగ్గాయి. అక్కడ వాడిన మందుల్లో మన దగ్గర దొరకనిది ఒక్కటీ లేదు.

ట్రానెక్సామిక్ ఆమ్లం గురించి ఇంకో మాట. ఒక గ్రాము మందును పది నిమిషాలపాటు నెమ్మదిగా నరంలోకి ఇవ్వాలి. అరగంట తర్వాత కూడా రక్తం ఆగకపోతే, లేదా ఆగి 24 గంటల్లోపు మళ్లీ మొదలైతే ఇంకో గ్రాము. కాన్పైన మూడు గంటల్లోపు ఇస్తేనే ఫలితం. ప్రతి 15 నిమిషాల ఆలస్యానికి ఫలితం పదో వంతు చొప్పున తరుగుతుంది. దీన్ని ‘పై ఆసుపత్రిలో ఇస్తారులే’ అని వదిలేసి 108 ఎక్కిస్తే, మందు పనిచేయాల్సిన సమయమంతా రోడ్డు మీద గడిచిపోతుంది.

గర్భసంచి గట్టి బంతిలా బిగుసుకునే ఉంది, అయినా ఎర్రటి రక్తం ధారగా వస్తోందంటే అది చిరుగు. వెలుతురు సరిగా లేని గదిలో గర్భాశయ ముఖద్వారం దగ్గరి చిరుగు కనబడదు. కుట్లు వేసే టేబుల్‌కు మంచి లైటు లేకపోవడం కూడా మరణ కారణాల్లో ఒకటని రాస్తే నవ్వకండి. మాయలో ముక్క లోపల ఉండిపోతే సంచి బిగుసుకున్నట్టే బిగుసుకుని మళ్లీ వదిలేస్తుంది. అందుకే మాయను పళ్లెంలో పరిచి, రెండు వైపులా చూసి, ముక్కలన్నీ సరిపోయాయో లేదో రాయాలి. అరగంటైనా మాయ రాలేదని బొడ్డుతాడు పట్టి బలంగా లాగితే సంచి లోపలి వైపు బయటికి తిరగబడిపోతుంది, అప్పుడు రక్తంతో పాటు షాక్ కూడా తోడవుతుంది. సిజేరియన్ తర్వాతైతే రక్తం బయటికి రాకుండానే పోవచ్చు. గుడ్డ పొడిగా ఉంటుంది, పొట్ట ఉబ్బుతుంది, మూత్రం తగ్గుతుంది, నాడి పెరుగుతుంది. ‘మత్తు వల్ల అలా ఉంది’ అని వార్డులో వదిలేసిన రాత్రులు ఇలాంటివే.

నాడి అన్నాం కాబట్టి బంధువులకు కూడా పనికొచ్చే ఒక లెక్క. పాతికేళ్ల మనిషి శరీరం చాలా గట్టిది. లీటరు పైన రక్తం పోయేదాకా కూడా బీపీని నిలబెడుతుంది, ఆ తర్వాత ఒక్కసారిగా వదిలేస్తుంది. అందుకే ‘బీపీ బాగానే ఉంది’ అన్నమాట బాలింత విషయంలో ధైర్యం ఇవ్వదు. ముందుగా పరుగెత్తేది నాడి. నాడి అంకె బీపీ పై అంకెకు దగ్గరవుతోందంటే ప్రమాదం మొదలైంది, దాటిందంటే రక్తం ఎక్కించే సమయం వచ్చేసింది. నాడి 120, బీపీ 100 ఉన్న మనిషిని ‘స్టేబుల్’ అని రాసి అంబులెన్స్ ఎక్కించకూడదు. కాన్పైన మొదటి రెండు గంటలు ప్రతి 15 నిమిషాలకు నాడి, బీపీ, సంచి బిగువు, రక్తం చూసి రాయాలి. అంటే ఎనిమిది గళ్లు. ఎనిమిది గళ్లలోనూ ఒకే అంకె, ఒకే పెన్నుతో, ఒకే వరుసలో రాసి ఉంటే అర్థమేమిటో విచారణాధికారులకు తెలుసు. ముగ్గురు ఉండాల్సిన డ్యూటీలో ఒక్క నర్సు రెండు కాన్పులు, పన్నెండు మంది బాలింతలను చూస్తోందన్న సంగతి కూడా వాళ్లకు తెలిస్తే బాగుండు.

ఇంత లెక్కా ఆరోగ్యంగా ఉన్న తల్లికి. మన తల్లులు అలా కాన్పుకు రావడం లేదు. అదే కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భిణుల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 53.7 శాతం, తెలంగాణలో 53.2 శాతం. సగం కంటే ఎక్కువ. 11 గ్రాముల హిమోగ్లోబిన్ ఉన్న తల్లి లీటరు రక్తం పోయినా తట్టుకునే వీలుంది. 7 గ్రాములున్న తల్లికి అర లీటరుకే గుండె మీదికి వస్తుంది. పైగా రక్తహీనత ఉన్నవాళ్లకే కాన్పులో రక్తం ఎక్కువ పోతుందని ఇటీవలి పరిశోధనలు చెబుతున్నాయి. మరణ ధ్రువీకరణలో రక్తస్రావం అని మాత్రమే ఉంటుంది, దాని వెనుక ఏడు నెలల రక్తహీనత ఎక్కడా ఉండదు.

మాత్రలు పంచడంలో మనకు లోటు లేదు. రోజుకొకటి చొప్పున 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉన్న ఎర్రమాత్ర నాలుగో నెల నుంచి 180 రోజులు, కాన్పైన తర్వాత మరో 180 రోజులు వేసుకోవాలి. రిజిస్టరులో ఇచ్చిన మాత్రల లెక్క ఉంటుంది, మింగిన మాత్రల లెక్క ఉండదు. వికారం, మలబద్ధకం, మలం నల్లబడడం వల్ల చాలామంది మానేస్తారు. బిడ్డ నల్లగా పుడుతుందనో, బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందనో మానిపించే పెద్దవాళ్లూ ఉన్నారు. వేసుకునేవాళ్లలోనూ కాఫీ, టీలతో వేసుకునేవాళ్లు, క్యాల్షియం మాత్రతో కలిపి మింగేవాళ్లు ఎక్కువ. ఐరన్ మాత్రకూ, వీటికీ మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. రాత్రి భోజనమయ్యాక గంటకు వేసుకుంటే వికారం తెలియకుండా నిద్రపడుతుంది, నిమ్మనీళ్లతో అయితే ఒంటపడుతుంది. నాలుగో నెల దాటాక ఒకసారి 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ నులిపురుగులకు.

నెల రోజులు సరిగ్గా వేసుకున్నాక హిమోగ్లోబిన్ కనీసం ఒక గ్రాము పెరగాలి. పెరగకపోతే మాత్రలు రెట్టింపు చేసి ఊరుకోకూడదు, ఎందుకు పెరగలేదో చూడాలి. ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్ సెల్ జబ్బు, మరికొందరిలో తలసీమియా లక్షణం, శాకాహారుల్లో బి12 లోపం ఉండొచ్చు. నరంలోకి ఇచ్చే ఐరన్ ఇప్పుడు సులువైంది. ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ అనే ఐరన్ మందు ఒక గ్రామును 15 నిమిషాల్లో ఒకే విడతలో ఎక్కించవచ్చు. అయితే ఇంజెక్షన్ ఇచ్చిన రోజునే రక్తం తయారవదు. మూడు నాలుగు వారాలు పడుతుంది. అయిదో నెలలో 8 గ్రాములున్న మనిషికి తొమ్మిదో నెలలో ఇంజెక్షన్ ఇవ్వడమంటే వాన వెలిశాక గొడుగు పట్టడమే. చివరి మూడు నెలల్లో 7 గ్రాముల కంటే తక్కువ, ఏ నెలలోనైనా 5 కంటే తక్కువ ఉంటే ఆసుపత్రిలో చేర్చి చూడాలి. రక్తం ఎక్కించాల్సి వచ్చినా హడావుడి పనికిరాదు. అంత తక్కువ రక్తానికి అలవాటు పడ్డ గుండె మీద రెండు బాటిళ్లు గబగబా వదిలితే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసంతో పోయే ప్రమాదముంది.

రెండో పెద్ద కారణం బీపీ. అయిదో నెల దాటాక 140/90 అంతకు మించి ఉండి, మూత్రంలో ప్రొటీన్ కనిపిస్తే అది గర్భంతో వచ్చిన బీపీ జబ్బు. 160/110 దాటితే అత్యవసరం. మొదటి కాన్పు, కవలలు, 35 దాటిన వయసు, స్థూలకాయం, మునుపటి నుంచీ సుగరు, బీపీ, కిడ్నీ జబ్బు, పోయిన కాన్పులో ఇదే జబ్బు వచ్చి ఉండడం ప్రమాదాన్ని పెంచుతాయి. ఇలాంటివాళ్లకు మూడో నెల చివర నుంచే రోజూ చిన్న మోతాదు ఆస్పిరిన్ డాక్టరు సలహాతో మొదలుపెడితే కొంతవరకు ఆపొచ్చు. అయిదో నెల దాటాక మొదలుపెడితే పెద్దగా లాభం లేదు. బీపీ చూసే తీరులో కూడా తప్పులు దొర్లుతాయి. జాకెట్టు చెయ్యి మీదుగా పట్టీ కట్టడం, అప్పుడే మెట్లెక్కి వచ్చిన మనిషికి చూడడం, లావు చేతికి చిన్న పట్టీ కట్టడం. అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, చేతిని గుండె ఎత్తులో పెట్టి చూడాలి.

వదలని తలనొప్పి, కళ్లు బైర్లు కమ్మడం, ముఖం, చేతివేళ్లు ఉబ్బడం ఈ జబ్బు ముదురుతున్న గుర్తులు. పొట్ట పైభాగంలో, కుడివైపు నొప్పి కూడా అంతే ముఖ్యం. దాన్ని గ్యాస్ నొప్పి అనుకుని మందుల షాపులో మాత్ర కొనుక్కుని పడుకోవడం మామూలైపోయింది. అది కాలేయం దెబ్బతింటున్న నొప్పి కావచ్చు. ఫిట్స్ వస్తే గుర్రపువాతం. దాన్ని గాలి సోకిందనుకుని తాయెత్తు కట్టించే ఊళ్లు ఇంకా ఉన్నాయి. దీనికి మెగ్నీషియం సల్ఫేట్‌ను మించిన మందు లేదు. పీహెచ్‌సీ స్థాయిలో మొదటి మోతాదు 10 గ్రాములు, రెండు పిరుదుల్లో అయిదేసి గ్రాములు, కండరం లోతుకు. మన దగ్గర దొరికే 2 మిల్లీలీటర్ల 50 శాతం ఆంపూల్‌లో ఒక గ్రాము ఉంటుంది, అంటే పది ఆంపూల్స్. ఆ పది పగలగొట్టి సిరంజిలోకి తీసే ఓపిక, అలవాటు లేక, ఊపిరి ఆగిపోతుందేమోనన్న భయంతో, ఇవ్వకుండానే పంపేస్తున్నారు. మొదటి మోతాదు వల్ల ఊపిరి ఆగడం చాలా అరుదు. తర్వాతి మోతాదులకు ముందు మాత్రం మోకాలి దగ్గర కొడితే కాలు ఎగురుతోందా, ఊపిరి నిమిషానికి 16కు తగ్గకుండా ఉందా, నాలుగు గంటల్లో 100 మిల్లీలీటర్ల మూత్రం వచ్చిందా అని చూడాలి. విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ ట్రేలోనే ఉంటుంది.

ఇంట్లోవాళ్లు సాధారణంగా వదిలేసేది కాన్పు తర్వాతి బీపీని. బిడ్డ పుట్టేసింది కదా, బీపీ పోతుందనుకుంటారు. నిజానికి కాన్పైన మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య అది మళ్లీ పెరుగుతుంది. సరిగ్గా మూడో రోజున మనం డిశ్చార్జి చేసి ఇంటికి పంపుతాం! బీపీ ఉన్న తల్లికి ఇంటికెళ్లాక మొదటి వారంలో కనీసం రెండుసార్లు బీపీ చూడాలి, ఏఎన్‌ఎం ఇంటికెళ్లినా సరే, తల్లే ఆసుపత్రికి వచ్చినా సరే. తలనొప్పిని ‘బాలింత వాతం’ అని కషాయంతో సరిపెట్టకూడదు.

కషాయం మాట వచ్చింది కాబట్టి పథ్యం గురించి కూడా. బాలింతకు నీళ్లు తాగనివ్వకపోవడం, పొట్ట జారుతుందని గుక్కెడు గుక్కెడు లెక్కపెట్టి ఇవ్వడం చాలా ఇళ్లలో ఉంది. కాన్పు సమయంలో రక్తం గడ్డకట్టే గుణం సహజంగానే పెరిగి ఉంటుంది. దానికి ఒంట్లో నీరు తగ్గడం తోడైతే మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదముంది. కాన్పైన ఒకటి, రెండు వారాలకు తలనొప్పి, ఫిట్స్, చెయ్యీ కాలూ పడిపోవడంతో వచ్చే బాలింతల్లో ఇది కనిపిస్తుంది. బాలింతకు రోజుకు మూడు లీటర్ల నీళ్లు కావాలి. పాలిచ్చే తల్లికి అంతకంటే పథ్యం అక్కర్లేదు.

సిజేరియన్ల గురించి మీ పత్రికలో చాలా వచ్చింది కాబట్టి క్లుప్తంగా. అదే కుటుంబ ఆరోగ్య సర్వేలో మొత్తం కాన్పుల్లో సిజేరియన్లు తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, దేశంలో 21.5 శాతం. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతం. అవసరమైన సిజేరియన్ ప్రాణం నిలబెడుతుంది, దాంతో పేచీ లేదు. ముహూర్తం కోసం చేసిన సిజేరియన్ ఖరీదు ఈ కాన్పులో తెలియదు, తర్వాతి కాన్పులో తెలుస్తుంది. పాత కోత మచ్చ మీద మాయ అతుక్కుని కండరంలోకి వేళ్లు దించేస్తే, అది ఊడదు. ఊడదీయబోతే లీటర్ల కొద్దీ రక్తం. మాయ గర్భసంచి ముఖద్వారం మీదికి, కిందికి ఉన్న గర్భిణికి ఒక సిజేరియన్ అయి ఉంటే నూటికి సుమారు 11 మందిలో, రెండు అయి ఉంటే 40 మందిలో ఇలా అతుక్కుంటుంది. అంచేత, పాత సిజేరియన్ ఉన్న ప్రతి గర్భిణికీ అయిదో నెల, ఏడో నెల స్కానింగుల్లో ‘మాయ మచ్చ మీద ఉందా’ అన్న ప్రశ్నకు రాతపూర్వకంగా జవాబుండాలి. ఉంటే ఆ కాన్పు పెద్ద ఆసుపత్రిలో, అయిదారు యూనిట్ల రక్తం ముందే సిద్ధం చేసుకుని, పగటి పూట జరగాలి.

మొదటి మూడు నెలల్లో పోయే ప్రాణాలు వార్తల్లోకి కూడా రావు. మందుల షాపులో గర్భస్రావం కిట్ కొనుక్కుని, స్కానింగ్ లేకుండా మింగేవాళ్లలో గర్భం సంచిలో కాక ట్యూబులో ఉన్నవాళ్లుంటారు. ఆ మందు ట్యూబులోని గర్భాన్ని ఏమీ చేయదు. కొద్దిగా రక్తం కనబడేసరికి పని అయిపోయిందనుకుంటారు. వారం పది రోజులకు ట్యూబు పగిలి పొట్టలోనే రక్తం నిండుతుంది. పొట్టనొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, భుజం కొసన నొప్పి, ఈ మూడూ కలిస్తే గంటల్లో ఆపరేషన్. ఆ కిట్ తొమ్మిది వారాల లోపు గర్భానికే. చట్టం 20 వారాల వరకు ఒక వైద్యుడి అభిప్రాయంతో, కొన్ని వర్గాలవారికి 24 వారాల వరకు ఇద్దరి అభిప్రాయంతో గర్భస్రావానికి అనుమతిస్తోంది. చాటుగా చేయించుకోవాల్సిన అవసరమే లేదు.

సూతికా జ్వరం తగ్గిందే గానీ పోలేదు. ఉమ్మనీరు పోయి 18 గంటలు దాటినా యాంటీబయాటిక్ పడకపోవడం, కాన్పు ఎంతవరకు వచ్చిందో చూడాలని మాటిమాటికీ లోపలి పరీక్ష చేయడం, శుభ్రం లేని చేతులు దీనికి మూలం. బాలింతకు 38 డిగ్రీలు దాటిన జ్వరం, వాసన వేసే మైల, పొత్తికడుపు నొప్పి ఉంటే పాలు కట్టడం వల్ల వచ్చిన జ్వరమని ఊరుకోకూడదు. ఇక ఇంటి దగ్గర నొప్పులు పెంచడానికి ఊరి ఆర్‌ఎంపీ ఇచ్చే సూది, లేబర్ రూములో పొట్ట మీద మోచేత్తో నొక్కడం, రెండూ గర్భసంచి చిట్లడానికి దారితీసేవే. బలంగా వస్తున్న నొప్పులు ఒక్కసారి ఆగిపోయి, మనిషి చల్లబడితే తెరిపినపడ్డట్టు కాదు. సంచి చిట్లినట్టు.

గుండె జబ్బు గురించి రెండు మాటలు. చిన్నప్పటి కీళ్ల జ్వరంతో కవాటం సన్నబడ్డ అమ్మాయిలకు అప్పటిదాకా ఏమీ తెలియదు. ఏడో నెలలో రక్తం నలభై, యాభై శాతం పెరిగేసరికి ఆయాసం మొదలవుతుంది. గర్భిణికి ఆయాసం మామూలే అంటాం. పడుకుంటే ఆయాసం, రాత్రి లేచి కూర్చోవాల్సి రావడం మామూలు కాదు. ఒక ఎకో పరీక్షతో తేలిపోతుంది. మరో సంగతి, కాన్పు తర్వాత నిద్రాహారాలు మాని ముభావంగా ఉండి ప్రాణం తీసుకున్న తల్లిని కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ మాతృమరణంగానే లెక్కిస్తుంది. మన దగ్గర అది పోలీసు స్టేషన్ లెక్కలో ఆగిపోతోంది.

ఇవన్నీ వైద్యపు కారణాలు. వీటి పక్కన వేరే కారణాలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 12.6 శాతం మంది సర్వే నాటికే తల్లులో, గర్భిణులో. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లే ఆనవాయితీలో అత్తింటి ఊరి రికార్డు అత్తింట్లోనే ఉండిపోతుంది. ఎనిమిదో నెలలో ప్రాంతం మారే గర్భిణి ఎంసీపీ (తల్లీబిడ్డల సంరక్షణ) కార్డు, స్కానింగ్ కాగితాలు, రక్తం గ్రూపు వివరాలు వెంట తీసుకెళ్లి, అక్కడి ఏఎన్‌ఎం దగ్గర వారంలోపు నమోదవ్వాలి. రక్తనిధి లేని పట్టణంలో అర్ధరాత్రి ‘రక్తం తెచ్చుకోండి’ అని భర్తను పరుగెత్తించడం ఇంకో కారణం. ఏజెన్సీలో డోలీ మోత. ఉమ్మడి విజయనగరం జిల్లా సాలూరులో నెలలు నిండే గర్భిణులను ముందే తెచ్చి ఉంచుకునే వసతి గృహం పెట్టారు. కొండ మీద నుంచి అర్ధరాత్రి మోసుకురావడం కంటే నెల ముందు పగలు నడిపించుకు రావడం మేలన్న సాదా ఆలోచన అది.

రిఫర్ చేసే కాగితం మీద ‘ఉన్నత వైద్యం కోసం’ అని మాత్రమే ఉంటే అది పంపడం కాదు, వదిలించుకోవడం. ఏ సమయానికి రక్తస్రావం మొదలైంది, ఎంత పోయింది, ఏ మందు ఎంత ఎప్పుడు ఇచ్చారు, చివరి నాడి, బీపీ ఎంత, ఏ గ్రూపు, అవతలి ఆసుపత్రిలో ఎవరికి ఫోన్ చేసి చెప్పారు, ఇవి ఉండాలి. ఆ ఫోన్ వెళ్లిన చోట రక్తం సరిపోతుందో చూసే క్రాస్‌మ్యాచ్‌కు, ఆపరేషన్ థియేటరుకు ముందే కబురు అందుతుంది. ఫోన్ లేనిచోట అంతా ఓపీ చీటీ దగ్గర నుంచి మొదలవుతుంది.

ఇప్పుడు అసలు అడగదలచుకున్నది. ప్రతి మాతృమరణాన్నీ సమీక్షించాలని 2017 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. జిల్లా స్థాయిలో కమిటీలు కూర్చుంటున్నాయి. ఆ సమీక్షల సారం బయటికి రావడం లేదు. కేరళలో ప్రసూతి వైద్యుల సమాఖ్య 2004 నుంచి పేర్లు తీసేసి ఒక్కో మరణాన్నీ రహస్యంగా పరిశీలించి, ఏం మారాలో నివేదికలు వేస్తోంది. బ్రిటన్‌లో 1952 నుంచి ఇదే పద్ధతి. పేరు, ఆసుపత్రి ఉండవు కాబట్టి వైద్యులు జరిగింది జరిగినట్టు రాస్తారు. మన దగ్గర సమీక్ష అంటే మెమో, సస్పెన్షన్. అందుకే కేస్ షీట్ సమీక్షకు వెళ్లే ముందు ‘సరిచేసుకుంటుంది’. 2022 మార్చిలో రాజస్థాన్‌లోని దౌసా జిల్లాలో రక్తస్రావంతో ఒక బాలింత చనిపోతే వైద్యురాలి మీద హత్య కేసు పెట్టారు. ఆ వైద్యురాలు ప్రాణం తీసుకుంది. ఆ తర్వాత కష్టమైన కాన్పు వస్తే ముట్టుకోకుండా పై ఆసుపత్రికి పంపేయడమే క్షేమమనుకునే వైద్యులు పెరిగారంటే తప్పు వాళ్లదొక్కరిదే అనలేం. ఆ పంపకంలో పోయే గంట మాత్రం బాలింతది.

రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలూ జిల్లాల వారీగా, పేర్లు లేకుండా, ఏటా ఒక నివేదిక ప్రచురించాలి. ఎన్ని మరణాల్లో హిమోగ్లోబిన్ 9 కంటే తక్కువ, ఎన్నింటిలో రక్తం కొలిచారు, ఎన్నింటిలో గంటలోపు ట్రానెక్సామిక్ ఆమ్లం పడింది, ఎన్నింటిలో మెగ్నీషియం మొదటి మోతాదు పంపేముందే ఇచ్చారు, ఎందరు రెండు కంటే ఎక్కువ ఆసుపత్రులు తిరిగారు. ఇవన్నీ సమీక్ష ఫారాల్లో తేలాల్సిన సంగతులే, కొత్తగా ఖర్చు లేదు.

మీ విలేకరులకు కూడా ఒక మనవి. ఈసారి అలాంటి మరణం జరిగినప్పుడు ఆసుపత్రి సూపరింటెండెంటును ‘నిర్లక్ష్యం జరిగిందా’ అని అడిగితే లేదనే అంటారు. ‘ఆ రాత్రి లేబర్ రూములో ఎంతమంది నర్సులున్నారు, ఫ్రిజ్ పనిచేసిందా, రక్తం దేంతో కొలిచారు’ అని అడిగి, వచ్చిన జవాబు వచ్చినట్టు అచ్చువేయండి.

ఇట్లు,
ప్రసూతి విభాగాల్లో పనిచేసి రిటైరైన కొందరు వైద్యులు, స్టాఫ్ నర్సులు